ఏ ఊరిలో కాపురముండుట మేలు?

(బేతంచెర్ల సంఘములో కుటుంబ కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మాకు ఇచ్చిన అంశము "క్రైస్తవ గృహము". భార్యాభర్తల ప్రేమ, పిల్లల పెంపకము, కుటుంబ ప్రార్థన వీటిని గురించి మీరు మాకంటె పెద్దల నోట ఎన్నోసార్లు విన్నారు. అందువలన మేము ఈ పూట గృహమును గురించి కాక, ఇంటిని గురించి మాట్లాడదలచినాము. అనగా గోడలు, మిద్దె, పునాది, అది నిలిచిన నేల. దీనికొక కారణమున్నది.

రెండు నెలల క్రిందట మన సంఘములోని ఒక రిటైర్డు మాస్టరుగారు, ఆయన భార్య మా ఇంటికి వచ్చినారు. వారి కుమారుడు విజయవాడలో ఉద్యోగము చేయుచున్నాడు. ఇక్కడి ఇల్లు అమ్మివేసి వచ్చి తనతో ఉండమని అతని కోరిక. కుమార్తె నంద్యాలలో ఉన్నది. కుందూ వైపు ప్లాట్లు చవకగా వస్తున్నవి, ఒకటి తీసుకొని చిన్న ఇల్లు వేసుకొనమని ఆమె మాట. వీరికేమో తాతల నాటి మిద్దె విడిచి పోవడానికి మనసొప్పదు. "అయ్యగారూ, మీరు నాలుగు ఊర్లు తిరిగినవారు. బెజవాడలో బుడమేరు వచ్చె. నంద్యాలలో కుందూ వచ్చె. ఇక్కడ తాగడానికే నీళ్ళు రావు. ఈ వయసులో ఎక్కడుంటే ప్రాణానికి భద్రము?" అని మాస్టరుగారు నవ్వుతూ అడిగినారు. ఆ తల్లి మాత్రము నవ్వలేదు.

మేము తొందరపడి, గురువులకు అలవాటైన జవాబే చెప్పినాము. దేవుడున్న చోటే భద్రమన్నాము. అప్పుడు ఆ తల్లి, "ఆ సంగతి తెలిసే వచ్చినాము అయ్యగారూ. దేవుడు మూడు ఊర్లలోనూ ఉన్నాడు కదా" అన్నది. వేదాంత కళాశాలలో మాకు నాలుగేండ్లు పాఠములు చెప్పిన ఉపాధ్యాయులెవరూ మమ్ములను ఇంత చక్కగా సరిదిద్దలేదు. ఆ రాత్రినుండి ఈ విషయము చదువుచు, తెలిసినవారిని అడుగుచు వచ్చినాము. మాకు తోచినది మీ ముందు పెడుతున్నాము.

బండమీద కట్టిన ఇల్లు, ఇసుకమీద కట్టిన ఇల్లు అను ఉపమానము మీద బేతంచెర్లలో ప్రసంగించుట కష్టము. ఎందుకనగా ఇక్కడ అందరి ఇండ్లూ బండమీదనే ఉన్నవి! పునాది తీయాలంటే పార చాలదు, సమ్మెట కావాలి. మన నాపరాయి దేశమంతటా ఇండ్లలో పరచుకొన్నారు. మనము ఎర్రమలల మీద ఉన్నాము. సముద్రము దూరము, పెద్ద నది ఊరి పక్కన లేదు. మనకేమి భయమని మన వారిలో చాలామంది అనుకొంటారు. మేము కూడ ఈ పాస్టరేటుకు బదిలీ అయినప్పుడు అట్లే అనుకొన్నాము.

అయితే ఈ బండ సంగతి కొంత చెప్పవలసి యున్నది. ఇది సున్నపురాయి జాతి. నీరు వేల యేండ్లు దీనిని కరిగిస్తూ లోలోపల తొలుచుకొంటూ పోతుంది. మన ఊరి దగ్గరి బిల్లసుర్గం గుహలు అట్లు ఏర్పడినవే. 1880ల నడుమ రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరగారు, ఆయన కుమారుడు ఆ గుహలు త్రవ్వించి ఏనాటివో జంతువుల ఎముకలు తీసినారు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు మీరందరు పిల్లలకు చూపించియే యుంటారు. కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలములో 2015 చివరి వర్షముల తరువాత పొలములలో నేల గుండ్రముగా దిగబడి గుంతలు పడినవి. అక్కడ కూడ అడుగున ఉన్నది ఈ జాతి రాయే. ఇది చెప్పి మిమ్మును భయపెట్టుట మా ఉద్దేశ్యము కాదు. బండ అనగానే నిశ్చింత అనుకొనరాదని మాత్రమే.

ఇక విజయవాడ మాట. దానికంటె ముందు దివిసీమ మాట చెప్పాలి, ఎందుకంటే మా అత్తగారిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె పదేండ్ల పిల్ల. ఆ దినము సముద్రము సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి కృష్ణా డెల్టా మీదికి వచ్చినది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది పోయినారు. పోయినవారు ఇంకా ఎక్కువని అక్కడివారు అంటారు. గాలికంటె నీరే అక్కడ ఎక్కువ మందిని చంపినది. ఆ తీరమున సముద్రము లోతు తక్కువ. తుపాను గాలి నీటిని తోసుకొని వచ్చినప్పుడు అది క్రిందికి పోవడానికి చోటులేక పైకి లేచి నేలమీద పడుతుంది. నేల చాప పరచినట్లు చదునుగా ఉండును గనుక ఎక్కడా ఆగదు. 1864లో బందరును ముంచిన ఉప్పెన కూడ ఇటువంటిదే. దానిలో ముప్పదివేల మంది చనిపోయిరని చెప్పుదురు.

ఆ మరుసటి ఆదివారములలో కొందరు బోధకులు ఇది పాపమునకు వచ్చిన తీర్పని చెప్పినారట. సిలోయము గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు ప్రభువు ఏమి చెప్పెనో వారు మరచినట్లున్నారు.

మా పెండ్లి అయిన కొత్తలో మేము అత్తగారితో, "ఆ ఊరు విడిచి మా రాయలసీమకు రండి, ఇక్కడ తుపాను లేదు" అని అన్నాము. ఆమె, "బాబూ, మాకు నీళ్ళు యాభై ఏళ్ళకు ఒకసారి ఎక్కువవుతాయి. మీకు ఏటేటా తక్కువవుతాయి. నేను బిందె మోయలేను" అన్నది. మేమిది హాస్యమనుకొన్నాము. తరువాత ఆలోచించగా ఆమె చేసినది సరియైన పోలిక. ఆపద ఎంత పెద్దది అనేదొక్కటే మనము చూస్తాము. ఎన్నేండ్లకు ఒకసారి వస్తుంది, వచ్చేముందు కబురు పెడుతుందా, కబురందితే పరుగెత్తుటకు ఎత్తయిన చోటున్నదా అని ఆమె చూచినది. 1990 మే నెలలో దివిసీమకు దగ్గరలోనే, 1977 నాటిదానికి తీసిపోని తుపాను తీరము దాటినది. లక్షలాది జనమును ముందుగా తరలించినారు. చనిపోయినవారు వేయిలోపే. వేయి ప్రాణములు తక్కువని కాదు. అదే తీరము, అదే సముద్రము, అదే చదును నేల. పదమూడేండ్లలో మారినవి రేడియో హెచ్చరిక, తుపాను ఆశ్రయ భవనము, మాట వినే జనము.

విజయవాడకు ఉప్పెన భయము లేదు గాని నీటి భయమున్నది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమంతా మునిగినది. అదే సమయమున ప్రకాశం బరాజు వద్ద కృష్ణలో పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కుల నీరు నడిచినది. ఆ బరాజు చరిత్రలో అంత ఎన్నడూ లేదు. మాస్టరుగారి కుమారుడు ఉండేది ఆ వైపే, మూడవ అంతస్తులో. ప్రాణానికి ఏమీ కాలేదు. మూడు దినములు కరెంటు లేక, మంచినీళ్ళు లేక పైన కూర్చున్నారు. గమనించండి, ఒకే వీధిలో ఒకే వరద. మూడవ అంతస్తులో ఉన్నవాడికి అది మూడు దినముల ఇబ్బంది. క్రింద అద్దెకున్నవాడికి సంసారమంతా బురద. కావున విజయవాడ మంచిదా చెడ్డదా అని అడుగుట కంటె, విజయవాడలో ఎక్కడ, ఏ ఎత్తున అని అడుగుట మేలు.

నంద్యాల సంగతి మనకు దగ్గర. పడమట మన ఎర్రమలలు, తూర్పున నల్లమల, నడుమ పళ్ళెములాగ కుందూ లోయ. ఇక్కడ మన మీద కురిసిన వాన మన దగ్గర నిలువదు, పరుగెత్తి అక్కడికే పోవును. నల్లమల నీరు కూడ అక్కడికే. పైగా అక్కడ నల్లరేగడి. నీరు ఇంకడానికి ఆలస్యము చేయును, ఎండితే నెర్రెలు విచ్చి గోడలు చీల్చును. 2019 సెప్టెంబరులో మహానంది దేవస్థానములోనికి నీరు వచ్చిన ఫొటోలు మీరు చూచినారు. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు మేము కొత్తగా పరిచర్యలో చేరినవారము. తుంగభద్ర, హంద్రి రెండూ కలిసే చోట ఊరు కట్టుకొని, హంద్రి ఎప్పుడూ ఎండియే యుండును గనుక దానిని నది అనుటయే మానివేసినారు జనము. ఆ సారి శ్రీశైలమునకు ఇరువది అయిదు లక్షల క్యూసెక్కుల వరకు వచ్చినదని లెక్క. ఆ ఆనకట్టను కట్టినది పందొమ్మిది లక్షలకు. బురద ఎత్తిపోసిన ఆ పది దినములు మాకు మూడేండ్ల చదువంత విలువైనవి.

కుందూ వైపు ప్లాట్లు ఎందుకు చవకో నంద్యాలలో పెద్దవారిని అడిగితే చెప్పుదురు. లేఅవుటు వేసినవారు చెప్పరు.

ఇప్పుడు మనకు మాత్రమే చెందిన ఆపద. కరువు. దీనికి శబ్దము లేదు. అందువలన పత్రికలో ఫొటో ఉండదు. 1876లో మొదలైన ధాత కరువులో ఉమ్మడి కర్నూలు జిల్లా జనములో దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయినది.  ఆ దినములలో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించినారు. ఈ రోజు కరువు అట్లు చంపదు. రేషను బియ్యము ఉన్నది, రైలు ఉన్నది. అయితే అది వేరొక పని చేయును. మన ఇంటిని కూల్చక, మనలనే ఇంటిలోనుండి లేవదీయును. ఆదోని, కోసిగి వైపు జనము గుంటూరు మిరపతోటలకు, బెంగళూరు కట్టడపు పనులకు పోవుట మీరెరుగుదురు. పోయి ఎక్కడ ఉంటారు? ఎత్తుగా ఉన్న మంచి స్థలము వారికి ఎవరిస్తారు? వాగు పక్కన, కాలువ గట్టున, రేకుల క్రింద. అక్కడ వరద వస్తే, దానిలో పోయినవాడు గుంటూరు లెక్కలో పడును. వానిని అక్కడికి పంపిన కరువు ఏ లెక్కలోనూ పడదు. రెండు ఊర్ల ఆపదలను త్రాసులో పెట్టి తూచేవారు ఈ సంగతి మరచిపోతారు.

ఎండ కూడ అటువంటిదే. 2015 వేసవిలో దేశములో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయినారు. వారిలో ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రములవారే. గనులలో పనిచేయు మన సహోదరులకు బండ పైనుండి, క్రిందినుండి కాలును. దీని మీద వేరొక దినము మాట్లాడవచ్చును.

అసలు విషయమునకు వచ్చుచున్నాము. మాస్టరుగారి మిద్దె.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు గంటల వేళ మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించినది. ఎనిమిది నుండి పది వేల మంది వరకు చనిపోయినారు. అప్పటి ప్రభుత్వ పటములో ఆ ప్రాంతము అతి తక్కువ భూకంప భయమున్న మొదటి మండలములో ఉండెను. తరువాత 2002లో ఆ మొదటి మండలమునే తీసివేసి రెండవదానిలో కలిపినారు. మన ప్రాంతము కూడ 2002 పటములో ఆ రెండవ మండలములోనిదే. ఆ కంపము ప్రపంచములో వచ్చే పెద్ద కంపములలోనిది కాదు. మరి అంతమంది ఎట్లు పోయినారు? ఇండ్లు చంపినవి. బురదతో పేర్చిన లావు రాతి గోడలు, వాటిమీద కర్ర దూలములు, వాటిమీద అడుగుల మందమున మట్టి. గోడకు లోపలి ముఖము వేరు, బయటి ముఖము వేరు, నడుమ రాతిముక్కల పూడిక. ఈ ముఖమునుండి ఆ ముఖమునకు కట్టిపడేసే పొడవాటి రాయి లేదు. కదిలేసరికి రెండు ముఖములు విడిపోయినవి, పైనున్న మట్టి నిద్రించువారిమీద పడినది.

ఈ వర్ణన వింటుంటే మీకెవరి ఇల్లు కండ్లముందు కనబడుచున్నది? మాకైతే మాస్టరుగారి ఇల్లే కనబడినది. మన పాత ఇండ్లలో సగము కనబడినవి.

భూకంపము మన ఊరికి వచ్చునో రాదో మేము చెప్పజాలము. వాన మాత్రము వచ్చును. మిద్దె కురిసినప్పుడెల్లా మనమేమి చేస్తాము? ఇంకొక నాలుగు గంపల చవుడు మట్టి పైన పోసి తొక్కిస్తాము. తాత పోసినాడు, తండ్రి పోసినాడు, మనము పోస్తున్నాము. ఏ తరమూ దింపలేదు. వాన నాలుగు దినములు పట్టితే ఆ మట్టి నీరు త్రాగి మరింత బరువెక్కును, క్రింద బురద గోడ నానిపోవును. 'మిద్దె కూలి నిద్రలోనే మృతి' అను వార్త మన సీమ పత్రికలలో మీరు ఎన్నిసార్లు చదివినారు? కుందూ, బుడమేరు పేర్లు చెప్పి భయపడేవారము, నెత్తిమీద మోస్తున్నదానిని చూడము.

ఇంతవరకు ఇతరుల సంగతులు చెప్పినాము. మా సంగతి కూడ చెప్పకపోతే ఈ ప్రసంగము నిజాయితీ గలది కానేరదు. చాల ఏండ్ల క్రిందట వేరొక చోట పరిచర్యలో ఉండగా, ఇండ్లు లేని పదునాలుగు కుటుంబములకు ఇంటి స్థలములు దొరకినవి. స్థలము చూచి సరేనన్నవారిలో మేమొకరము. మే నెల మిట్టమధ్యాహ్నము వెళ్ళి చూచినాము. చదునైన నేల, రోడ్డుకు దగ్గర, పక్కన ఎండిన వంక. అక్కడ మేకలు మేపుకొను ఒక ముసలాయన, "సామీ, ఈడ నీళ్ళు పారతాయి" అన్నాడు. వంకలో పారతాయని అంటున్నాడనుకొని తల ఊపినాము. ప్రార్థన చేసి ముగ్గు పోయించినాము. ఇండ్లు లేచిన మూడవ ఏట ఒక రాత్రి వాన కురిసినది. వంక తన పాత దారి గుర్తు తెచ్చుకొన్నట్లు ఇండ్ల నడుమ నుండి పారినది. ఎవరూ చనిపోలేదు. ఒక వితంతువు ఏడాదికని దాచుకొన్న జొన్నలు తడిసి మొలకెత్తినవి. ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. మరునాడు మేము పోయినప్పుడు ఆ మొలకలు దోసిట పట్టి చూపినది, అంతే.

ఆనాటినుండి మేము ఎండాకాలములో ఏ స్థలమూ చూడము. ఎవరు ఇల్లు కట్టుకొంటామన్నా వాన వెలసిన మరునాడు పోయి చూడమంటాము. గోడలమీద పాత నీటి చార ఎంత ఎత్తున్నదో చూడుడి. కాపరులను, చాకలివారిని, ముసలివారిని అడుగుడి. ఊరిలో పాత గుడి, పాత బావి ఎక్కడ కట్టినారో చూడుడి. పూర్వులు పటములు లేకనే నేల ఎరిగినవారు. ఎగువన చెరువో ప్రాజెక్టో ఉంటే దాని కట్టను ఎవరు చూస్తున్నారో తెలిసికొనుడి. 2021 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీనే, రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేటి ఒడ్డున ఊర్లకు ఊర్లు కొట్టుకొని పోయినవి. అదీ మన రాయలసీమలోనే, నీళ్ళు లేని సీమలోనే.

మాస్టరుగారికి మేమేమి చెప్పినాము? కుందూ ప్లాటు వద్దన్నాము. దీనిలో మాకు సందేహము లేదు. విజయవాడ సంగతి వారే తేల్చుకొనవలెనన్నాము. మూడవ అంతస్తు నీటికి మంచిదే, మోకాళ్ళకు మంచిది కాదు. లిఫ్టు కరెంటు మీద ఆధారపడును. ఇక్కడ ఉండదలచితే ఉండవచ్చును గాని ఆ మిద్దె క్రింద ఈ వానాకాలము పడుకొనవద్దన్నాము. ఆ మాటకు మాస్టరుగారికి కొంచెము కోపము వచ్చినది. "మా నాయన కట్టిన ఇల్లు డెబ్బై ఏండ్లు నిలిచింది అయ్యగారూ" అన్నారు. డెబ్బై ఏండ్ల క్రిందట దానిమీద ఇంత మట్టి లేదు కదా సార్ అన్నాము. ఆయన జవాబు చెప్పక లేచి పోయినారు. వారము దినములు గుడిలో మా వైపు చూడలేదు.

గత మంగళవారము ఆ తల్లియే వచ్చి, ఆయన నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కి గడ్డపారతో గుచ్చి చూచినారని, మోచేతివరకు దిగినదని చెప్పినది. ఇల్లు అమ్మరట. మట్టి దింపి, దూలములు చూపించి, పుచ్చినవి తీసివేసి, తేలికగా కప్పు వేయించి, గోడల పైన చుట్టూ సిమెంటు పట్టీ పోయించదలచినారు. కుమారుడు డబ్బు పంపుతానన్నాడు. పని అయ్యేవరకు వారిద్దరు మన గురువుల ఇంటి వెనుక గదిలో ఉంటారు.

ఇక్కడికి మా ప్రసంగము అయినది. ఒక ప్రకటన మాత్రమున్నది. వచ్చే శనివారము ఉదయము ఆరు గంటలకు ఆ మట్టి దింపుటకు పదిమంది యౌవనస్థులు కావలెను. మేస్త్రీ శుక్రవారమే వచ్చి దూలముల క్రింద గుంజలు నిలబెట్టును, ఆయన సరేననేవరకు ఎవరూ పైకి ఎక్కరాదు. ఒకరి వెనుక ఒకరు, అంచులనుండి మొదలుపెట్టి తీయవలెను. మట్టి పోయుటకు ట్రాక్టరు ఒక సహోదరుడు ఇస్తానన్నాడు. పారలు, గంపలు మీ ఇండ్లనుండి తెచ్చుకొనుడి. ఉగ్గాని, బజ్జి ఆ తల్లి చేస్తానన్నది.